ఆరేళ్ల ఫ్రీక్‌సీ వాడకం: లాగ్ దగ్గర తిన్న దెబ్బ

ఏ ఖనిజం నీళ్లలో ఎంత కరుగుతుందో లెక్కగట్టడానికి ఆరేళ్లుగా ఫ్రీక్‌సీ (PHREEQC) అనే సాఫ్ట్‌వేర్‌నే వాడుతున్నాను. అమెరికా జియలాజికల్ సర్వే వాళ్లది, ఉచితం. హంగులేమీ ఉండవు, నాలుగు లైన్లు టైప్ చేసి రన్ కొట్టడమే. మొదట్లో విసుగొచ్చింది గానీ ఇప్పుడు బటన్లతో నడిచే సాఫ్ట్‌వేర్ చూస్తే ఏ బటన్ వెనక ఏ లెక్క దాక్కుందోనని అనుమానం.

నేను తిన్న పెద్ద దెబ్బ చెప్తాను. గాలి తగిలే నీళ్లలో కాల్సైట్ (సున్నపురాయిలో ఉండే కాల్షియం కార్బనేట్ ఖనిజం) కరిగించాలి. గాలిలో సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) పీడనం సుమారు 0.0004 అట్మాస్ఫియర్ కదా అని గ్యాస్ పేరు పక్కన అదే అంకె పెట్టేశాను. అక్కడ ఇవ్వాల్సింది పీడనం కాదు, దాని లాగ్ (10 ఆధారంగా లాగరిథమ్), అంటే -3.4. నేనిచ్చింది దాదాపు సున్నా, దాన్ని అది ఒక అట్మాస్ఫియర్ నిండా సీఓటూ అనుకుంది. 8.3 దగ్గర ఉండాల్సిన పీహెచ్ 6కి పడిపోయింది, కిలో నీటికి అర మిల్లీమోల్ కరగాల్సిన కాల్సైట్ 9 దాకా కరిగింది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. రెండు రోజులు ఏ పాపం ఎరగని డేటాబేస్‌ని, అంటే ఖనిజాల స్థిరాంకాలుండే ఫైల్‌ని తిట్టుకున్నాను.

ఆల్కలినిటీ, అంటే ఆమ్లాన్ని తట్టుకునే నీటి శక్తి, అదీ అంతే. ల్యాబ్ రిపోర్టులో బైకార్బనేట్‌గా ఉంటే ఆ సంగతి ఇన్‌పుట్‌లో రాయాలి, లేదంటే ఆ మిల్లీగ్రాముల్ని కాల్షియం కార్బనేట్‌ కింద లెక్కేసుకుంటుంది, 22 శాతం ఎక్కువ వచ్చేస్తుంది.

ఇక సమతాస్థితి లెక్క (మార్పులన్నీ ఆగిపోయిన స్థితికి వేసేది) చివరికి ఏమవుతుందో చెప్తుంది, ఎప్పటికో చెప్పదు. సముద్రపు నీళ్లిచ్చి డోలమైట్ (కాల్షియం, మెగ్నీషియంల కార్బనేట్ ఖనిజం) పేరు రాస్తే 25 డిగ్రీల దగ్గరే అది నీళ్లలోంచి అవక్షేపంగా దిగినట్టు చూపిస్తుంది, నిజం సముద్రంలో అంత సులువుగా జరగదది. కాలం కావాలంటే ఎంత వేగంగా కరుగుతుందో చెప్పే రేటు సమీకరణాన్ని బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసుకోవాలి. కాల్సైట్‌కైతే 1978 నాటి ప్లమ్మర్, విగ్లీ, పార్క్‌హర్స్ట్ సమీకరణం డేటాబేస్‌లోనే ఉంది. అసలు తలనొప్పి ఖనిజం ఉపరితల వైశాల్యంతో! పొడి మీద కొలిచిన వైశాల్యమంతా నీళ్లతో చర్య జరపదు, ఆ ఒక్క అంకె పదో వంతు చేస్తే రోజుల్లో కరగాల్సింది నెలలు పడుతుంది. కాబట్టి నేను ఒకే మోడల్‌ని మూడు వైశాల్యాలతో నడిపి, మూడు గీతలూ రిపోర్టులో పెడతాను.

బాగా ఉప్పగా ఉండే నీళ్లకి పిట్జర్ అనే వేరే డేటాబేస్ ఉంది, జిప్సం, హాలైట్ (రాతి ఉప్పు)లకి భేషుగ్గా పనిచేస్తుంది. అయితే అందులో అల్యూమినియం లేదు. ఉప్పునీళ్లలో అల్యూమినియం ఉండే ఫెల్డ్‌స్పార్ ఖనిజం ఎంత కరుగుతుందని ఎవరైనా అడిగితే, దాంతో కుదరదని ముందే చెప్పేస్తున్నాను.