టాన్ సూత్రమా, పటమా?

పదో తరగతి త్రికోణమితిలో తరచూ వచ్చే లెక్క ఇది. ఒకచోట నిలబడి చూస్తే గోపురం కొన 30° ఊర్ధ్వకోణంలో (నేలకు సమాంతరంగా ఉన్న చూపు నుంచి పైకి ఎత్తే కోణం) ఉంది. గోపురం వైపు 40 మీటర్లు నడిస్తే 60°. ఎత్తెంత?

టాన్‌తో (లంబకోణ త్రిభుజంలో కోణానికి ఎదుటి భుజాన్ని పక్క భుజంతో భాగిస్తే వచ్చేది) అయితే రెండు సమీకరణాలు. టాన్ 60° = √3 కాబట్టి ఎత్తు, గోపురం అడుగు వరకు మిగిలిన దూరానికి √3 రెట్లు. టాన్ 30° = 1/√3 కాబట్టి మొత్తం దూరం ఎత్తుకు √3 రెట్లు, అంటే మిగిలిన దూరానికి 3 రెట్లు. నడిచిన 40 మీటర్లు అందులో 2 రెట్లు. కాబట్టి మిగిలింది 20 మీటర్లు, ఎత్తు 20√3, సుమారు 34.64 మీటర్లు.

ఇప్పుడు పటం గీసి చూడండి. నిలబడిన రెండు చోట్లు, గోపురం కొన కలిపితే ఒక త్రిభుజం వస్తుంది. 60° అనేది దానికి బాహ్యకోణం, అంటే రెండు అంతరాభిముఖ కోణాల (త్రిభుజం లోపల దానికి దూరంగా ఉన్న రెండు కోణాల) మొత్తం. ఒకటి 30° కదా, కొన దగ్గరిదీ 30°. త్రిభుజం సమద్విబాహువు! రెండో చోటు నుంచి కొనకు దూరం కూడా 40 మీటర్లే. 30-60-90 త్రిభుజంలో కర్ణం 40 అయితే భుజాలు 20, 20√3. సమీకరణమే అక్కర్లేదు. పిల్లలకు ముందు ఇదే చూపించాలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే జవాబు ఎక్కణ్ణుంచి వచ్చిందో కళ్లకు కనిపిస్తుంది.

అయితే రెండో కోణం మొదటిదానికి రెట్టింపు అయితేనే ఇది కుదురుతుంది. 30°, 45° ఇస్తే టెన్షన్ పడకుండా టాన్ పట్టుకోవాలి.