పాత ఫోర్‌వీల్ పికప్ కొనేటప్పుడు: లివర్ ఉన్నది మేలా, నాబ్ ఉన్నది మేలా?

ఈ నెలలోనే ముగ్గురు అడిగారు. వానలు మొదలైతే మా అల్లూరు వైపు రొయ్యల గుంటల గట్ల మీద మామూలు పికప్ కదలదు, మేత బస్తాలు నెత్తిన మోయాల్సిందే, అందుకని పాత ఫోర్‌వీల్ బండి ఒకటి తీసుకుందామనుకుంటున్నాం, ముందు చక్రాలను చేత్తో కలిపే లివర్‌ది చూడాలా, తిప్పితే మోటారే కలిపే నాబ్‌ది చూడాలా అని. రెండూ నడిపాను. గుంటల పనికైతే లివర్‌దే తీసుకోమంటాను.

ముందు బండి కింద దూరి చూడండి. వెనకాల ఫోర్‌వీల్ అని స్టిక్కర్ ఉంటే సరిపోదు, ముందు షాఫ్ట్ విప్పేసి అమ్మకానికి పెట్టిన బండి నేనే చూశాను. గేర్‌బాక్స్ వెనక ఇంకో పెట్టె కనిపిస్తుంది, అదే ట్రాన్స్‌ఫర్ కేస్, ఇంజను బలాన్ని ముందుకీ వెనక్కీ పంచేది. దాంట్లోంచి ఒక షాఫ్ట్ ముందు ఇరుసుకి, ఒకటి వెనక ఇరుసుకి పోవాలి. విల్లీస్ కాలం నుంచి వచ్చిన జీపుల్లో ఉండే డానా 18 రకమైతే వెనక షాఫ్ట్ బండి నడిమధ్యలో ఉండదు, ఒక పక్కకు జరిగి ఉంటుంది, వెనక ఇరుసు మీద గేర్లుండే క్రౌన్ గుండు కూడా అటే ఉంటుంది. లోపలంతా గేర్లే, చైన్ లేదు. డ్రైవర్ దగ్గర రెండు చిన్న లివర్లు: ఒకటి ముందు చక్రాలను కలపడానికి, రెండోది హై (మామూలు వేగం), లో (నెమ్మదిగా, ఎక్కువ బలంతో) మార్చడానికి. మారుతి జిప్సీలో ఈ పెట్టె గేర్‌బాక్స్‌కి అతుక్కుని ఉండదు, విడిగా బిగించి మధ్యలో ఒక పొట్టి షాఫ్ట్ పెట్టారు, అందుకే కింద మూడు షాఫ్టులు లెక్కకొస్తాయి. పెట్టె మీద చిన్న మోటారు, దానికి వైర్లు కనిపించాయంటే అది నాబ్ బండి. టాటా జెనాన్, మహీంద్రా స్కార్పియో గెటవే, 2016 నుంచి పక్కనే శ్రీసిటీలో తయారైన ఇసుజు వి-క్రాస్, వీటిల్లో ఫోర్‌వీల్ వచ్చినవి ఈ కోవలోవే.

నాబ్‌తో సుఖం ఉంది, కాదనను. చీమకుర్తి క్వారీకి హైవే మీద పోయి, చివర్లో రెండు కిలోమీటర్లు బురదలో నడిపేవాళ్లకు అదే హాయి. బండి ఆపకుండానే టూ హై (వెనక చక్రాలకే బలం) నుంచి ఫోర్ హైకి (నాలుగింటికీ) తిప్పేయొచ్చు. ఫోర్ లోకి మాత్రం బండి ఆపి, గేరు న్యూట్రల్ చేసి, క్లచ్ తొక్కి తిప్పాలి. కానీ మన గుంటల దగ్గర ఉన్నది ఉప్పునీళ్లు, ఉప్పుగాలి. మోటారు కనెక్టర్లలో పచ్చగా చిలుం పడుతుంది, నెలల తరబడి వాడకపోతే లోపల పట్టేస్తుంది, డ్యాష్‌బోర్డు మీద లైటు వెలిగి ఆరుతూ ఉంటుంది తప్ప ముందు చక్రాలు కలవవు. అది కూడా సరిగ్గా మడుగులో దిగినప్పుడే తెలుస్తుంది. లివర్ అయితే చేతికే తెలుస్తుంది, పడిందా లేదా అని. బుష్‌లు అరుగుతాయి, సీలు దగ్గర ఆయిల్ కారుతుంది, బరువు మీద లో గేరు జారి బయటికొస్తుంది. ఇవన్నీ నిజమే, అయినా కావలిలోనో ఒంగోలులోనో పాత జీపులు చూసే మేస్త్రీ చేత్తో సరిచేయగలిగినవి.

లివర్‌లో నేను నిజంగా భయపడేది ఒక్కటే, న్యూట్రల్. ఒకే లివర్ ఉన్న బండ్లలో ఫోర్ హైకి ఫోర్ లోకి మధ్య న్యూట్రల్ ఉంటుంది. లివర్ అక్కడ ఆగిపోతే ఇంజనుకీ చక్రాలకీ సంబంధం తెగిపోతుంది, ఫస్ట్ గేర్‌లో పెట్టి దిగినా బండి నిలవదు. మా బావ గట్టు మీద అలాగే దిగి మేత దించుతుంటే బండి మెల్లగా వెనక్కి జారి గుంటలోకి దిగింది, పక్కన పనివాళ్లు లేచి తప్పుకున్నారు కాబట్టి సరిపోయింది. హ్యాండ్‌బ్రేక్ వేయకుండా దిగొద్దన్నా.

రెండు రకాలకూ వర్తించేది ఇంకొకటి. ఫోర్ హైలో తారురోడ్డెక్కొద్దు. ఈ బండ్లలో ముందు, వెనక ఇరుసులను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ మధ్యలో లేదు, మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, తిరగనివ్వకపోతే షాఫ్టులు బిగుసుకుంటాయి, స్టీరింగ్ బరువెక్కుతుంది, లివర్ వెనక్కి రాదు. అప్పుడు లాగి విరగ్గొట్టొద్దు, నాలుగు గజాలు నేరుగా రివర్స్ చేయండి, వదులుతుంది. అమెరికా పాత పికప్‌ల వీడియోలు చూసి, వాళ్లు తారు మీద తిప్పుతున్నారుగా అంటారు కొందరు. ఆ 1970ల బండ్లలో ఎన్‌పీ 203 అనే కేస్ ఉంటే నాలుగు చక్రాలకూ ఎప్పుడూ బలం పోతుంది, మధ్యలో డిఫరెన్షియల్ ఉంది, లివర్ దగ్గర లాక్ స్థానాలు వేరే ఉంటాయి. అదే కాలంలో వచ్చిన ఎన్‌పీ 205 ఇనుప పెట్టె, లోపల అన్నీ గేర్లు, అది మన వాటిలాగే బురదకు మాత్రమే. పేరు తెలియకుండా పద్ధతి అరువు తెచ్చుకోకూడదు.

కొనేముందు ఇసుకలోనో దుక్కిలోనో ఫోర్ హై వేసి, మెల్లగా కదిలిస్తూ, ఇంకొకరిని దూరంగా నిలబెట్టి ముందు చక్రాలు కూడా లాగుతున్నాయో లేదో చూడమనండి. ముందు చక్రాలకు లాక్ హబ్‌లు (చక్రాన్ని ఇరుసుతో కలిపి, విడదీసేవి) ఉంటే వాటిని లాక్‌లోకి తిప్పాకే ఈ పరీక్ష చేయండి. తర్వాత ఫోర్ లో, ఫస్ట్ గేర్, యాక్సిలరేటర్ ముట్టకుండా చిన్న గట్టెక్కించండి. దిగి ట్రాన్స్‌ఫర్ కేస్ ప్లగ్ విప్పి ఆయిల్ చూడండి, పాలలా తెల్లగా ఉంటే నీళ్లు పోయినట్టే, ధర మాట్లాడే ముందే ఆ సంగతి తేల్చుకోండి.