రన్నింగ్ బూట్ల చిల్లులకు రఫ్ఫా, మాసికా, జిగురా: ఏది మేలు?

విశాఖ తెన్నేటి పార్కు దగ్గర గట్టు మీద కూర్చుని లేసు బిగించుకుంటుంటే కనిపించింది, ఎడమ బూటు ముందు భాగంలో చిక్కుడు గింజంత చిల్లు. ఆ జత కొని పది వారాలే అయింది. రోజుకు ఐదు కిలోమీటర్లు, వారానికి ఆరు రోజుల లెక్కన అప్పటికి తిరిగింది మూడు వందల కిలోమీటర్లు. రన్నింగ్ బూటు అడుగు మామూలుగా 500 నుంచి 800 కిలోమీటర్ల దాకా వస్తుందని చెబుతారు. అడుగుకు సగం ఆయుష్షు మిగిలి ఉండగానే పైగుడ్డ చిరిగిపోయిందన్నమాట. అలాంటి జతను పారేయడానికి నాకు మనసొప్పలేదు.

ఆ తర్వాత ఈ రెండేళ్లలో మూడు జతల మీద రకరకాల మరమ్మతులు చేసి చూశాను. దారంతోనే నేసినట్టు చిల్లును పూడ్చే రఫ్ఫు, లోపల గుడ్డముక్క వేసి కుట్టే మాసిక, ఉత్త జిగురు, చివరికి చెప్పులు కుట్టే ఆయన చేతికి ఇవ్వడం. ఏది మేలు అని అడిగే వాళ్లంతా చిల్లు సైజు చెబుతారు. నేను మాత్రం అది ఎక్కడ పడిందని అడుగుతాను. పాదం వంగే చోట పడ్డ చిన్న చిల్లు, వంగని చోట పడ్డ పెద్ద చిల్లు కన్నా మొండిది.

సూది పట్టుకునే ముందు బూటును బల్ల మీద పెట్టి వెనక నుంచి చూడండి. మడమ ఒక పక్కకు ఒరిగిందా? పక్కల నుంచి నురుగు అట్టను బొటనవేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయి తిరిగి వస్తోందా, లేక ముడతలు పడి రాయిలా ఉందా? ఒరిగిపోయి గట్టిపడిన బూటుకు ఎంత అందంగా కుట్టినా మోకాలికి మేలు జరగదు. దాన్ని మార్కెట్‌కు వెళ్లేటప్పుడు వాడుకోవచ్చు, పరుగుకు వద్దు. అడుగు బాగున్నప్పుడే మిగతా మాట.

మొదట నేను చేసిన తప్పు చెబుతాను. ఇంట్లో ఉన్నది కదా అని, చుక్క వేస్తే క్షణాల్లో పట్టేసే జిగురు పూశాను. సైనోఅక్రిలేట్ అంటారు దాన్ని. గాలిలో తేమ తగిలితే చాలు గడ్డకడుతుంది, మన విశాఖలో తేమకు కొదవ లేదు. చిల్లు మూసుకుంది, చూడటానికి బాగానే ఉంది. కానీ ఆ జిగురు గట్టిపడితే పెళుసు ప్లాస్టిక్ ముక్కే. అడుగు వేసిన ప్రతిసారీ వేళ్ల దగ్గర బూటు వంగుతుంది, ఆ ముక్క వంగదు. నాలుగో రోజుకు పగిలింది. పగిలిన అంచు మేజోడును కోసి, వేలి చర్మం దాకా వచ్చింది. ఇంకో సంగతి, ఆ జిగురును నూలు గుడ్డ మీద పోస్తే ఒక్కసారిగా వేడి పుడుతుంది, చెయ్యి కాలుతుంది. నూలు మేజోడు తొడుక్కుని బూటు మీద ఆ జిగురు వేసే సాహసం ఎవరూ చేయకండి.

ఆ బూటునే ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర చెట్టు కింద కూర్చునే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన వేలితో తడిమి చూసి, బూటు నా చేతిలో పెట్టేశారు.

“ఇన్‌స్టంట్ జిగురు వేశారా అమ్మా? ఇక ఇందులో సూది దిగదు.”

“ఏమీ చేయలేమా బాబాయ్?”

“ఆ గట్టి ముక్క మొత్తం కత్తిరించి తీసేయాలి. అప్పుడు మీ చిల్లు మూడింతలవుతుంది. జిగురు వేయక ముందు తెచ్చుంటే ఐదు నిమిషాల పని.”

జిగుళ్లన్నీ చెడ్డవని కాదు. చెప్పులు కుట్టేవాళ్లు వాడే పసుపు రంగు రబ్బరు జిగురు ఆరాక కూడా సాగుతుంది, వంగుతుంది. రెండు వైపులా పల్చగా పూసి, పది పదిహేను నిమిషాలు ఆరనిచ్చి, వేలికి అంటనంతగా ఆరాక గట్టిగా నొక్కాలి. తడిగా ఉండగానే అతికిస్తే ఊడిపోతుంది, చాలామంది తొందరపడేది అక్కడే. ముందు భాగంలో రబ్బరు అంచు పైగుడ్డ నుంచి విడిపోయినప్పుడు ఈ జిగురును మించింది లేదు. చిల్లుకు మాత్రం ఒంటరిగా పనికిరాదు. వలలా ఉండే పైగుడ్డ, అంటే జాలి, దాని రంధ్రాలన్నీ పూడుకుపోయి గాలి ఆడదు, ఉక్కపోతలో వేళ్లు నానిపోతాయి. పైగా మన బూట్లలో చెమట ఉప్పు, సముద్రపు ఉప్పు, ఇసుక అన్నీ ఉంటాయి. ఉప్పు తేమను లాగుతుంది. కడిగి, పూర్తిగా నీడలో ఆరబెట్టి, స్పిరిట్‌తో తుడవకుండా పూసిన జిగురు ఏదైనా వారం దాటదు.

ఇక అసలు పోటీ రఫ్ఫుకీ మాసికకీ.

రఫ్ఫు మా అమ్మ నేర్పింది. బడి యూనిఫారం మోచేతుల దగ్గర చిరిగితే కాలిపోయిన బల్బు ఒకటి లోపల పెట్టి, దాని గుండ్రటి వీపు మీద గుడ్డను పరిచి కుట్టేది. ముందు నిలువు పోగులు పక్కపక్కన వేసి, తర్వాత అడ్డం పోగును ఒకదాని పైనుంచి, ఇంకోదాని కింద నుంచి నేసుకుంటూ పోవాలి. బూటు ముక్కులోకి బల్బు పట్టదు. ఇన్‌సోల్ బయటికి తీసేసి, కూర వడ్డించే గరిటెను బోర్లించి లోపలికి తోస్తే దాని వీపు చక్కగా చిల్లు కింద కూర్చుంటుంది. సూది అవతలి పొరలోకి దిగిపోకుండా కూడా అదే కాపాడుతుంది.

నా మొదటి రఫ్ఫు మూడు వారాలకే తెగింది. కారణం తెలిసింది పెదజాలారిపేటలో. పరుగు ముగించి తిరిగి వస్తూ, ఇసుకలో కాళ్లు చాపుకుని వల బాగుచేసుకుంటున్న ఒకాయన దగ్గర ఆగాను. బూటు చూపించాను. ఆయన నవ్వలేదు, శ్రద్ధగా చూశారు.

“చిరిగిన కన్నుకే దారం కట్టారమ్మా. చిరిగిన కన్ను ఎప్పుడూ పట్టదు. బలంగా ఉన్న కన్ను దాకా వెనక్కి వెళ్లి అక్కడ మొదలుపెట్టాలి. ఈ దారం కూడా నూలుది, ఉప్పు తింటే కుళ్లిపోతుంది.”

వలకైనా బూటుకైనా జాలి జాలే. ఆ రోజు నుంచి చిల్లు అంచు దగ్గర కాకుండా చుట్టూ ఒక సెంటీమీటరు దూరంలో, వేలితో లాగినా సాగని చోట మొదలుపెడుతున్నాను. దారం పాలియెస్టర్‌దో, మెలివేసిన నైలాన్‌దో తీసుకుని కొవ్వొత్తి మీద రెండుసార్లు రాస్తాను. మైనం పట్టిన దారం జారుతూ వెళ్తుంది, జాలిని కోయదు. గాలానికి కట్టే ఒంటిపోగు నైలాన్ మాత్రం వద్దు. ముడి జారిపోతుంది, కత్తిరించిన కొస ముల్లులా గుచ్చుకుంటుంది. అది కూడా ఆయన చెప్పిన మాటే.

ఇలా చేసిన రెండో రఫ్ఫు నాలుగు నెలలు నిలిచింది. అది పడ్డ చోటు చిటికెన వేలి పక్క. అక్కడ బూటు పెద్దగా వంగదు, లోపలి నుంచి వేలు ఒరుసుకుంటుంది అంతే. రఫ్ఫు పల్చగా, గాలి ఆడేలా, చుట్టూ ఉన్న జాలిలో కలిసిపోయి ఉంటుంది. పప్పు గింజంత నుంచి చిక్కుడు గింజంత వరకు, పక్కల్లో పడిన చిల్లుకు రఫ్ఫే మేలని నా తీర్పు. దారాన్ని బిగించి లాగకూడదన్నది ఒక్కటే గుర్తుంచుకోండి. బిగిస్తే జాలి ముడుచుకుని గడ్డలా తయారవుతుంది, ఐదు కిలోమీటర్లలో ఆ గడ్డ బొబ్బ తెస్తుంది.

అదే రఫ్ఫును బొటనవేలి మీద వేసినప్పుడు ఓడిపోయింది. అక్కడ కింద నుంచి గోరు పొడుస్తుంది, పైన బూటు మడత పడుతుంది. పోగుల మధ్య సందు చూసుకుని గోరు మళ్లీ బయటికొచ్చింది. ఆ చోటుకు మాసికే కావాలి.

మాసికకు ముక్క ఎంపికే సగం పని. జీన్స్ గుడ్డ గట్టిదని మొదట అదే వేశాను. అది నూలు, చెమట తాగి బరువెక్కి రాత్రికి కూడా ఆరలేదు. ఇప్పుడు పారేసే పాత బూటులో లేసు కింద ఉండే నాలుకను దాచుకుంటున్నాను. అందులోని జాలి, బూటు జాలి ఒకే జాతి, ఒకేలా సాగుతాయి, ఒకేలా ఆరతాయి. చిల్లు కన్నా అన్ని వైపులా ఒక సెంటీమీటరు ఎక్కువగా, మూలలు లేకుండా కోడిగుడ్డు ఆకారంలో కత్తిరించాలి. మూల ఉంటే మొదట లేచేది అదే. కత్తిరించిన అంచుకు, చిల్లు చుట్టూ లేచిన పీచులకు వెలిగించిన అగరబత్తి కొనను అలా తాకించి తీసేస్తే సింథటిక్ పోగులు కరిగి అతుక్కుంటాయి, ఇక పీచు రేగదు. లైటర్ మంట పెడితే చిల్లు పెద్దదవుతుంది.

కష్టమంతా ఆ ముక్కును చేరుకోవడంలో ఉంది. బూటు ముక్కులోకి రెండు వేళ్లే పోతాయి, అవి సూదిని పట్టుకోలేవు. అందుకే ముక్క అంచుల వెంట మాత్రం రబ్బరు జిగురు సన్నగా రాసి, లోపలి నుంచి అతికించి, మరునాటి దాకా కదపను. ఆ తర్వాత పని మొత్తం బయటి నుంచే, వంకర సూదితో. పరుపులు కుట్టే సన్నటి వంకర సూది పూర్ణా మార్కెట్ వైపు కుట్టు సామాన్ల దుకాణంలో దొరికింది. అర్ధచంద్రాకారంలో ఉండటం వల్ల బయట దిగి, లోపలి ముక్కను పట్టుకుని, మళ్లీ బయటికే వస్తుంది. ముందుకు ఒక పోటు, వెనక్కి సగం పోటు, ఇలా చుట్టూ ఒక వరుస, దానికి లోపలగా చిల్లు అంచును పట్టుకుంటూ ఇంకో వరుస. ముడి మాత్రం బయటే వేయాలి. ఎంత చిన్న ముడైనా లోపల ఉంటే వేలు దాన్ని కనిపెడుతుంది.

ఒక బూటుకు నాకు ముప్పావు గంట పడుతుంది. రఫ్ఫుకు అరగంట. కానీ బొటనవేలి మీద వేసిన మాసిక, ఆ జత అడుగు అరిగిపోయే దాకా ఊడలేదు, కైలాసగిరి మెట్లు ఎక్కిన ఆదివారాలతో కలిపి. అందం విషయంలో రఫ్ఫుదే పైచేయి. మన్నికలో మాసికది.

మడమ లోపలి చిరుగు సంగతి వేరు. అక్కడ లోపలి మెత్తటి గుడ్డ అరిగి, స్పాంజి పోయి, గట్టి ప్లాస్టిక్ బయటపడి చర్మాన్ని కోస్తుంది. రఫ్ఫు అక్కడ నిలవదు, ఒరిపిడి ఎక్కువ. ఇక్కడే బాబాయ్ లాంటి వాళ్ల పనితనం అక్కరకొస్తుంది. పల్చటి మెత్తటి తోలు ముక్కను రబ్బరు జిగురుతో అతికించి, పై అంచు వెంట, తోలుకు చిల్లు పొడిచే ఆరెతో కుట్టి ఇచ్చారు. నా చేతి పని కన్నా ఎంతో నున్నగా వచ్చింది. అదే ఆరె, అదే లావు దారం ముందువైపు పల్చటి జాలికి వాడితే మాత్రం ఆరె పొడిచిన ప్రతి చోటా కొత్త చిల్లు మొదలవుతుంది. మడమ, అడుగు అంచు ఆయనకు, జాలి మన చేతికి.

చిల్లు ఎందుకు పడిందో చూడకపోతే ఏ కుట్టూ నిలవదు. బొటనవేలి మీద పడితే గోరు అడ్డంగా తిన్నగా, పొట్టిగా కత్తిరించుకోవాలి, కొందరికి పరుగులో వేలు పైకి లేచే అలవాటు కూడా ఉంటుంది. చిటికెన వేలి పక్క పడితే బూటు వెడల్పు చాలలేదు, వచ్చే జత వెడల్పుది తీసుకోవాలి. మడమ దగ్గరైతే లేసు వదులై మడమ పైకీ కిందికీ ఆడుతోంది. లేసు దూర్చే చిల్లుల్లో అందరూ ఖాళీగా వదిలేసే చివరిది ఉంటుంది కదా, అందులో లేసుతో రెండు వైపులా చిన్న ఉచ్చులు చేసి, లేసు కొసలను ఎదుటి ఉచ్చులోంచి దూర్చి బిగిస్తే మడమ కదలదు. నాకు మడమ చిరుగులు ఆగిపోయింది దాని వల్లే.

ఇప్పటి జతకు ఆరు వారాలు. నిన్న దాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి చూస్తే కుడి బొటనవేలి మీద జాలి పల్చబడి వెలుతురు ఎక్కువగా వస్తోంది, చిల్లు ఇంకా పడలేదు. పాత నాలుకలోంచి ముక్క కత్తిరించి పెట్టాను. పోగులన్నీ బతికే ఉన్నాయి కనుక ఈసారి ఒక్క వరుస కుట్టు చాలు. జిగురు ఆరుతోంది, రేపు సాయంత్రం సూది పడతాను.