దూర ప్రయాణాల బండికి వెనుక టైరు: యాభై ఐదు వేల కిలోమీటర్ల అనుభవం

హనుమకొండలో ఉంటూ 2018 ఆగస్టు నుంచి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 మోటారు సైకిలు నడుపుతున్నాను. ఈ సమీక్ష ఆ బండి గురించి కాదు, దాని టైర్ల గురించి, ముఖ్యంగా వెనుక టైరు గురించి. మీటరులో ఇప్పుడు 55,200 కిలోమీటర్లు ఉన్నాయి. ఈ దూరమంతా మూడు వెనుక టైర్ల మీద గడిచింది. మొదటిది బండితో పాటే వచ్చిన సియట్ గ్రిప్ ఎక్స్‌ఎల్; 13,200 కిలోమీటర్లకు అయిపోయింది. రెండోది వేరే కంపెనీది. ఎక్కువ కాలం మన్నుతుందన్న మాట నమ్మి కొన్నాను, 22,600 దాకా వచ్చింది. మూడోది మళ్ళీ గ్రిప్ ఎక్స్‌ఎల్లే. అదే సైజు, అదే బండి, అవే దారులు, అదే బరువు. ఇప్పటికి 19,400 నడిచి ఇంకా చక్రం మీదే ఉంది. ఒకే రకం టైరు ఒకసారి పదమూడు వేలకే గుండైపోయి, మరోసారి ఇరవై వేల దగ్గరికి ఎలా వచ్చిందన్నదే నేను చెప్పదలచుకున్న విషయం.

టైరు కొనే ముందు ఎవరి దారుల లెక్క వారు వేసుకోవాలి. నా ప్రయాణాల్లో సగానికి పైగా హైదరాబాదు నుంచి భూపాలపట్నం వెళ్ళే 163వ జాతీయ రహదారి మీదే సాగుతాయి. జనగామ, భువనగిరి వైపు వెళితే నాలుగు వరుసల తిన్నని రోడ్డు. గంటల తరబడి బండి వంచే పనే ఉండదు, టైరు నడిమి భాగం ఒక్కటే నేలను రాసుకుంటూ పోతుంది. ములుగు దాటి తాడ్వాయి, ఏటూరునాగారం వైపు వెళితే అడవి మలుపులు. పరకాల, భూపాలపల్లి దారిలో బొగ్గు లారీలు, కరీంనగర్ దారిలో గ్రానైటు రాళ్ళ లారీలు రోడ్డును గతుకులు చేసి, మలుపుల్లో కంకర రాల్చి పోతాయి. ఏడాదికి రెండు మూడు సార్లు నిర్మల్ మీదుగా ఆదిలాబాద్ జిల్లాకు వెళతాము. అక్కడ ఘాటు రోడ్డు, దాని తర్వాత వానాకాలంలో టైరు ట్రెడ్ (నేలను తాకే పైభాగం) గీతలను మట్టిముద్దతో పూడ్చేసే నల్లరేగడి. వరి కోతల కాలంలో ఊళ్ళ దగ్గర సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, అంచున రాళ్ళు పెట్టి ఉంటారు. రైతుకు కల్లం చాలకనే అలా చేస్తాడని తెలుసు, కానీ ఆ గింజల మీద బ్రేకు పడితే ఎంత మంచి టైరైనా నిలవదు. ఆ కాలంలో చీకటి పడ్డాక నేను బండి తీయను.

ఈ దారుల్లో నూటికి తొంభై వంతులు తారు రోడ్డే. కాబట్టి చూడటానికి గంభీరంగా ఉండే పెద్ద పెద్ద గడ్డల టైరు నాకు అక్కర లేదు. ఆ గడ్డలు మెత్తటి నేలలో బాగా పట్టుకుంటాయి. వేడెక్కిన తారు మీద మాత్రం బరువంతా ఆ కొద్ది గడ్డల మీదే పడి తొందరగా అరిగిపోతాయి, పైగా మోత. పెద్ద టూరింగ్ బండ్లకు వచ్చే కొన్ని టైర్లలో నడుమ గట్టి రబ్బరు, పక్కల మెత్తటి రబ్బరు వేస్తారు. తిన్నని రోడ్డు మీద మన్నిక, మలుపులో పట్టు రెండూ దక్కుతాయి. అలాంటివి ఏరుకొని కొనేంత ఎంపిక మా బండి సైజులో నాకు దొరకలేదు. అందువల్ల గీతలు మరీ లోతుగా, మరీ విడివిడిగా లేని మధ్యస్తపు టైరునే ఎంచుకున్నాను.

మొదటి టైరు త్వరగా పోవడానికి కారణం నేనే. 2019 మే నెలలో నా భార్యతో కలిసి కాళేశ్వరం బయలుదేరాను. భూపాలపల్లి దాటేసరికి మిట్టమధ్యాహ్నం. ఒక బంకులో ఆగి గాలి చూడమంటే వెనుక 35 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) చూపించింది. "ఎండకు పగులుతది సార్, తీసేస్తా" అని ఆ అబ్బాయి 28కి దించాడు. నేనూ సంతోషించాను. అలా రెండు వేసవులు, ఆగిన చోటల్లా వేడి టైరు నుంచి గాలి తీయిస్తూ వచ్చాను. కంపెనీ చెప్పే గాలి లెక్క చల్లటి టైరుకు, అంటే కనీసం మూడు గంటలు కదలకుండా ఉన్న బండికి. టైరు వేడి ప్రతి పది డిగ్రీలు పెరిగినప్పుడు లోపలి గాలి దాదాపు ఒకటిన్నర పీఎస్‌ఐ పెరుగుతుంది. ఉదయం 29 ఉన్న టైరు మధ్యాహ్నం 35 చూపడం సహజం, తయారీదారు ఆ పెరుగుదలను ముందే లెక్కలోకి తీసుకుంటాడు. దాన్ని 28కి దించితే మరునాడు పొద్దున ఆ టైరులో మిగిలేది 22, 23 మాత్రమే. ఆ గాలితో ఇద్దరు మనుషులూ రెండు సంచుల సామానూ మోస్తే టైరు పక్కగోడలు ప్రతి చుట్టుకూ నలుగుతాయి, నలిగిన కొద్దీ ఇంకా వేడెక్కుతాయి, వేడెక్కిన రబ్బరు ఇంకా త్వరగా అరుగుతుంది. ఎండకు పగులుతుందని గాలి తీయడం వల్లనే ఆ టైరును ఎక్కువ వేడిలోకి నెట్టాను.

ఇది నాకు 2020 నవంబరులో, ఆ టైరు విప్పిన రోజు తెలిసింది. పంక్చర్ షాపు పెద్దాయన టైరును రిమ్ము నుంచి ఊడదీసి, వేళ్ళతో అంచు విడదీసి, లోపలి భాగం నా వైపు తిప్పాడు. అడుగున పొయ్యి మసిలాంటి నల్లటి పొడి పేరుకొని ఉంది. చేత్తో తుడిస్తే వేలికి అంటింది. "ఇది నడిచి అరగలే సార్, గాలి తక్కువై అరిగింది" అన్నాడు. ఆ పొడి ట్యూబూ టైరూ ఒకదానినొకటి రాసుకొని రాలిన రబ్బరు. బయట చూస్తే నడిమి గీతలతో పాటు, తిన్నగా పోయేటప్పుడు నేలకు అంతగా తగలకూడని పక్క గీతలు కూడా అంతే అరిగి ఉన్నాయి. పదమూడు వేలకే టైరు పోయిందని అప్పటిదాకా కంపెనీని తిట్టుకున్నవాణ్ణి, ఆ రోజు మాట్లాడలేకపోయాను.

అయినా పాఠం సగమే ఎక్కింది. గాలి సంగతి సరిచేసుకున్నాను గానీ, ఈసారి మాత్రం ఎక్కువ కిలోమీటర్లు వచ్చే టైరే కావాలని పట్టుబట్టి, గట్టి రబ్బరుతో చేసిన ఒక టైరు కొన్నాను. ధర ఆరు వందలు తగ్గించారు కూడా. మన్నిక విషయంలో వారు చెప్పింది అబద్ధం కాదు. పదివేల తర్వాత కూడా గీతలు కొత్తవాటిలాగే కనిపించేవి. అయితే పన్నెండు వేల దగ్గరినుంచి తడి రోడ్డు మీద దాని తీరు మారింది. ఊళ్ళలో జీబ్రా చారల మీద, రైల్వే గేటు పట్టాల మీద వెనుక చక్రం ఒక్క క్షణం పక్కకు జరిగి మళ్ళీ కుదురుకునేది. రోడ్డు తప్పని సర్దిచెప్పుకున్నాను.

2023 ఆగస్టులో ఆదిలాబాద్ నుంచి తిరిగి వస్తూ నిర్మల్ ఘాటు దిగుతున్నాము. అప్పుడే తుంపర మొదలైంది. వాన మొదలైన ఆ తొలి పది నిమిషాలే అన్నింటికన్నా ప్రమాదం, రోడ్డు మీది దుమ్మూ నూనే పైకి తేలతాయి. ఒక మలుపులో వెనుక బ్రేకును మెల్లగానే నొక్కాను, చక్రం బయటికి జారింది. బండి పడలేదు. వెనుక కూర్చున్న నా భార్య భుజం గట్టిగా పట్టుకొని "వెనక ఊగుతున్నది, జర ఆపుండ్రి" అన్నది. పక్కకు ఆపి టైరును గోటితో నొక్కి చూశాను. రబ్బరు మీద గోరు దిగినట్టే ఉండాలి, కానీ ప్లాస్టిక్ బకెట్టును నొక్కినట్టుంది. గీతలు ఇంకా మూడు మిల్లీమీటర్ల దాకా ఉన్నాయి. తిన్నని రోడ్డు మీద అరిగి అరిగి నడిమి భాగం బల్లపరుపుగా మారింది, బండి వంచితే చదును అంచు దాటి ఒక మెట్టు దిగినట్టు అనిపించేది. అప్పుడు పక్కగోడ మీద వెతికితే కోడిగుడ్డు ఆకారపు గడిలో 3518 అనే నాలుగు అంకెలు కనిపించాయి. 2018లో 35వ వారం. అంటే నేను కొనే నాటికే ఆ టైరుకు రెండేళ్ళు నిండాయి, ఘాటులో జారిన రోజుకు అయిదేళ్ళు. గట్టి రబ్బరుకు వయసు కూడా తోడైంది. ధర ఎందుకు తగ్గించారో అక్కడ, ఆ తుంపరలో నిలబడి ఉండగా అర్థమైంది. ఇల్లు చేరిన మూడో రోజున, గీతలు మిగిలి ఉండగానే దాన్ని తీయించేశాను. అందుకే ఆ 22,600ను నేను పూర్తిగా లెక్కలోకి తీసుకోను. వానలో నమ్మి నడిపింది పన్నెండు వేలే, మిగతాదంతా అదృష్టం మీద నడిచిన దూరం.

అప్పటి నుంచి టైరును పక్కగోడ చదవకుండా కొనడం లేదు. నా వెనుక టైరు మీద 120/90-17 64ఎస్ అని ఉంటుంది. వెడల్పు 120 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో 90 శాతం, రిమ్ము 17 అంగుళాలు. 64 అంటే ఆ టైరు 280 కిలోల దాకా మోయగలదు, ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకోగలదు. ఈ బండికి ఆ వేగం ఎలాగూ అందదు కాబట్టి వేగపు అక్షరం గురించి నేను పట్టించుకోను. బరువు అంకెను మాత్రం జాగ్రత్తగా చూస్తాను. బండి రెండు వందల కిలోల దగ్గర, మేమిద్దరం, సామాను, అందులో ఎక్కువ వాటా వెనుక చక్రం మీదే. పైగా ఆ 280 కిలోల మాట చాలినంత గాలి ఉన్నప్పటిదే. తయారీ తేదీ ఆరు నెలలు దాటితే వద్దంటాను. ఆ నాలుగు అంకెలు తరచుగా టైరుకు ఒక వైపే ఉంటాయి కాబట్టి రెండు వైపులా తిప్పి చూడాలి. ఐఎస్‌ఐ ముద్ర, తిరిగే దిక్కు చూపే బాణం కూడా చూసుకుంటే చాలు. మిత్రులు కొందరు అందం కోసం ఒక సైజు వెడల్పు టైరు వేయించుకున్నారు. ఇరుకు రిమ్ములో వెడల్పు టైరు అంచుల దగ్గర నొక్కుకుపోయి నడుమ ఉబ్బుతుంది, అరుగుదలంతా ఆ ఉబ్బు మీదే పడుతుంది. మన్నిక కోరేవారు చేయకూడని పని అది.

మూడోసారి మళ్ళీ గ్రిప్ ఎక్స్‌ఎల్ తీసుకోవడానికి కారణం దాని మీది మోజు కాదు. మొదటిసారి దాన్ని పాడుచేసింది నేనే కాబట్టి, తడిలో అది నన్ను ఒక్కసారి కూడా భయపెట్టలేదు కాబట్టి. కొత్త రబ్బరు మీది నిగారింపు పోయేదాకా, మొదటి రెండు వందల కిలోమీటర్లు మెల్లగా నడిపాను. సొంత గేజు ఒకటి కొన్నాను, ఎందుకంటే మా ఇంటికి దగ్గరలోని రెండు బంకుల గేజుల మధ్యనే నాలుగు పీఎస్‌ఐ తేడా తేలింది. ప్రతి ఆదివారం పొద్దున, దూరం వెళ్ళే రోజైతే బయలుదేరే ముందు, బండి కదపకుండా గాలి చూస్తాను. ముందు 25, వెనుక ఒక్కణ్ణే అయితే 28, ఇద్దరం సామానుతో అయితే 32. దారిలో వేడి టైరును ఎవరు ముట్టుకోబోయినా ఊరుకోను. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామున అయిదింటికే బయలుదేరి, పదకొండు లోపు ఎక్కడో ఒకచోట నీడ పట్టున ఆగుతాము; రామగుండం వైపు ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో తారు రోడ్డు మీద రబ్బరుకు విశ్రాంతి ఉండదు. ఇంతకు మించి నేను చేసింది ఏమీ లేదు. టైరు మారలేదు, ఆరు వేల కిలోమీటర్లు ఎక్కువ వచ్చాయి, ఇంకా వస్తున్నాయి.

ముందు టైరు గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. 90/90-21 సైజు, వెనుకదాని కంటే నెమ్మదిగానే అరుగుతుంది. చేతితో నిమిరితే ఒక దిక్కుకు నున్నగా, ఎదురు దిక్కుకు రంపపు పళ్ళలా తగిలితే గాలి తగ్గిందనో బ్రేకు గట్టిగా వేస్తున్నామనో గుర్తు. ట్యూబు మాత్రం టైరుతో పాటే మార్చాలి. పాత ట్యూబు సాగి ఉంటుంది, కొత్త టైరులో మడత పడి ఆ మడత దగ్గరే చిరుగుతుంది. తాడ్వాయి అడవిలో తుమ్మ ముల్లు దిగి రెండు గంటలు ఆగిపోయిన రోజు తర్వాత, ముందు చక్రపు 21 అంగుళాల ట్యూబు ఒకటి ఎప్పుడూ సంచిలో ఉంచుతున్నాను. అవసరానికి దాన్నే వెనుక టైరులోనూ సర్ది ఊరు చేరవచ్చు.

ఖర్చు సంగతి. మూడో టైరుకు ట్యూబుతో, బిగింపుతో కలిపి 4,100 రూపాయలు అయింది. ఇప్పటిదాకా నడిచిన దూరంతో భాగిస్తే కిలోమీటరుకు ఇరవై ఒక్క పైసలు. అదే కిలోమీటరుకు పెట్రోలు, లీటరు 107 రూపాయల లెక్కన, లీటరుకు ముప్పై ఇచ్చే నా బండికి మూడున్నర రూపాయలు దాటుతుంది. రెండో టైరు దగ్గర మిగిలిందనుకున్న ఆరు వందలు ఈ లెక్కలో కిలోమీటరుకు మూడు పైసలు కూడా కాదు.

ప్రస్తుతం నడిమి గీతలు రెండు మిల్లీమీటర్ల దగ్గర ఉన్నాయి. గీతల మధ్య అరుగుదల గుర్తుగా ఉండే చిన్న దిమ్మెలకు ఇంకా కొంచెం ఎడం ఉంది. ఎండాకాలమైతే మరో రెండు వేలు నడిపేవాణ్ణి. కానీ జూన్‌లో వానలు పడతాయి, ఆ వారాల్లోనే మేము ఆదిలాబాద్ వెళ్ళాలని అనుకుంటున్నాము. కాబట్టి మృగశిర రాకముందే దీన్ని తీయించి, అదే టైరు మళ్ళీ వేయిస్తున్నాను. తయారీ వారం ఈ ఏడాదిదే అయి ఉండాలని షాపులో ఇప్పటికే చెప్పి ఉంచాను.