పచ్చ లైటు వెలుగుతూనే ఉంది: ఎసింక్ సర్వర్‌తో రెండున్నరేళ్ళు

ఎసింక్ సర్వర్ (ఒక రిక్వెస్టు జవాబు కోసం ఆగినప్పుడు ఆ సమయంలో వేరేవాటిని చూసుకునే సర్వర్) మీద నాకున్న కోపం ఒక్కటే. అది మునిగిపోతున్నా చెప్పదు.

ఒక్కో రిక్వెస్టుకు ఒక్కో థ్రెడ్ కేటాయించే గునికార్న్ సర్వర్ మీద నడిచే మా పరీక్షా ఫలితాల సైటును రెండున్నరేళ్ళ కిందట ఎసింక్ పద్ధతిలో నడిచే ఫాస్ట్‌ఏపీఐ, యువికార్న్‌ల మీదికి మార్చాం. మార్చిన వారంలోనే డబ్ల్యూఆర్‌కే అనే లోడ్ టెస్ట్ టూల్‌తో రిక్వెస్టులు గుప్పించి, వచ్చిన అంకెలు చూసి మురిసిపోయి టీమ్‌కంతా పొడుగాటి మెయిల్ కొట్టాను. దాన్ని ఇప్పుడెవరూ తవ్వి తీయకపోతే చాలు.

ఒక ఆదివారం ఉదయం పదింటికి ఒక కోచింగ్ సంస్థ మాక్ టెస్టు ఫలితాలు వదిలింది. 10:02కి ఫోన్. "సార్, చక్రం తిరుగుతూనే ఉందండీ, పేజీ రావట్లేదు." మానిటర్ చూశాను, పచ్చగా ఉంది. "మా వైపు బాగానే ఉందండీ, మీ నెట్ ఒకసారి చూసుకోండి" అనేశాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గే. సర్వర్ బతికే ఉందా అని మానిటర్ అడిగే మా హెల్త్ చెక్ అప్పట్లో డేటాబేస్ జోలికి వెళ్ళేది కాదు. రిక్వెస్టులన్నిటినీ తిప్పే ఈవెంట్ లూప్ ఖాళీగా ఉంది కాబట్టి, అడిగినప్పుడల్లా అది ఠక్కున 'ఓకే' అంటోంది.

ఇరవై నిమిషాల తర్వాత మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లో, ఏ కనెక్షన్ ఏం చేస్తోందో చూపించే పీజీ_స్టాట్_యాక్టివిటీ తెరిచాను. మావి 60 కనెక్షన్లు, దాదాపు అన్నీ 'ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్', అంటే ట్రాన్సాక్షన్ తెరిచి పెట్టి ఊరికే కూర్చున్నవి. డేటాబేస్ సీపీయూ హాయిగా కునుకు తీస్తోంది.

తప్పు మా కోడ్‌దే. మార్కులు చదివాక, డేటాబేస్ సెషన్ మూయకుండానే ఎస్ఎంఎస్‌లు పంపే గేట్‌వేని పిలిచి జవాబు కోసం అవైట్ చేస్తున్నాం, అంటే ఆగి చూస్తున్నాం. ఆ రోజు దానికి రెండేసి సెకన్లు పట్టింది. అంతసేపూ కనెక్షన్ మా చేతిలోనే. మా కోడ్ డేటాబేస్‌తో మాట్లాడే ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ లైబ్రరీలో పూల్ (సిద్ధంగా ఉంచుకునే కనెక్షన్ల గుంపు) డిఫాల్ట్‌గా 5, అవసరమైతే అదనంగా తెరిచే ఓవర్‌ఫ్లో 10. అంటే ఒక్కో వర్కర్‌కు (సర్వర్ ప్రాసెస్‌కు) 15, నాలుగు వర్కర్లకు కలిపి 60. ఒక్కొక్కటి రెండు సెకన్లు ఇరుక్కుంటే సెకనుకు 30 మందికి మించి దాటరు. ఎసింక్ సర్వర్ మాత్రం వచ్చినవాళ్ళందరినీ లోపలికి రానిచ్చింది. తిరుమలలో కంపార్ట్‌మెంట్లు ఎన్ని కట్టినా గంటకు దర్శనం అయ్యేవాళ్ళ సంఖ్య పెరగదు కదా, అదే కథ. లోపల 30 సెకన్లు నిలబెట్టి, పూల్ టైమవుట్ అని బయటికి పంపింది. పిల్లలు ఊరుకుంటారా, రిఫ్రెష్ కొట్టి మళ్ళీ క్యూలో చేరారు.

మరి నా బెంచ్‌మార్క్‌లో ఇదెందుకు కనబడలేదు? ఎస్ఎంఎస్‌కి డబ్బులవుతాయని టెస్టులో దాని బదులు వెంటనే తిరిగొచ్చే డమ్మీ ఫంక్షన్ పెట్టాను. పైగా డబ్ల్యూఆర్‌కే ఒక కనెక్షన్ మీద జవాబు వచ్చాకే తర్వాతి రిక్వెస్టు పంపుతుంది. సర్వర్ నెమ్మదిస్తే అదీ మర్యాదగా నెమ్మదిస్తుంది. మనుషులు అలా చేయరు. తర్వాత ఆ డమ్మీలో రెండు సెకన్ల ఆలస్యం పెట్టి, స్థిరమైన వేగంతో కొట్టే డబ్ల్యూఆర్‌కే2తో రెండు సర్వర్లనీ మళ్ళీ పరీక్షించాను. రెండూ పడ్డాయి. నిజానికి పాత సెటప్ ఇంకా ముందే పడింది. నాలుగు వర్కర్లకు పదేసి థ్రెడ్లు, మొత్తం 40, అంటే సెకనుకు 20 మందే. కానీ 40 థ్రెడ్లూ ఇరుక్కున్నాయంటే హెల్త్ చెక్ కూడా వాటి వెనకే ఆగుతుంది. ఆ ఆదివారం అదే ఉండి ఉంటే ఒక నిమిషంలో ఎర్ర లైటు వెలిగేది, ఫోన్ చేసిన పెద్దమనిషికి నేను నెట్ చూసుకోమని చెప్పేవాణ్ణి కాదు.

ఎస్ఎంఎస్‌కి ముందే సెషన్ మూసేలా మార్చాక లెక్క మారింది. క్వెరీకి 20 మిల్లీసెకన్లు అనుకుంటే కాగితం మీద అవే 60 కనెక్షన్లతో సెకనుకు 3000. అంతదాకా పోకముందే పైథాన్ అలసిపోతుందనుకోండి. ఇక కేవలం డేటాబేస్ చదివి చూపించే పేజీల్లో రెండు సర్వర్లకూ నాకు చెప్పుకోదగ్గ తేడా దొరకలేదు. మెయిల్‌లో నేను పొగిడిన వేగమంతా డేటాబేస్ ముట్టని పేజీదని అప్పటికి గాని ఒప్పుకోలేదు.

ఇప్పుడు పూల్ టైమవుట్ 2 సెకన్లు. హెల్త్ చెక్ కూడా అదే పూల్‌లోంచి 'సెలెక్ట్ 1' అనే చిన్న క్వెరీ అడిగి వస్తుంది.

ఎసింక్ తీసేశామా అంటే, లేదు. లైవ్ టెస్టులో వేలమంది వెబ్‌సాకెట్ (మూయకుండా తెరిచే ఉంచే కనెక్షన్) తెరిచి కూర్చుంటారు, అక్కడ థ్రెడ్లతో మా చిన్న మెషీన్ తట్టుకోలేదు. అడ్మిన్ ప్యానెల్ మాత్రం థ్రెడ్ల మీదే ఉంది, దాన్ని కదిపే ఉద్దేశం లేదు. మా టీమ్ ముగ్గురిదే, డేటాబేస్ చూసుకోవడానికి వేరే మనిషి లేరు. అలాంటి మనిషి ఉన్న చోట ఈ కోపం ఇంత ఉండకపోవచ్చు.