పేరు పెట్టి పట్టుకోవాలా, ప్రశ్న వేసి నిలపాలా?

ఒకసారి మా బావతో గంటన్నర సేపు వాదించాను. సిగరెట్లు మానమని నేను, "మా తాత రోజుకో పెట్టె కాల్చి తొంభై ఏళ్లు బతికాడు" అని ఆయన. అప్పుడే తర్కదోషాల జాబితా ఒకటి చదివి మంచి ఊపు మీదున్నాను. "ఒక్క మనిషిని చూపించి లోకమంతటికీ సూత్రం చెప్పడం తర్కదోషం బావా" అన్నాను. ఆయన నోరు మూసుకున్నాడు. గెలిచాననుకున్నాను. వారం తిరక్కుండానే ఇంకెవరితోనో అదే తాత, అదే పెట్టె.

అప్పటి నుంచి గమనిస్తున్నాను. ఎదుటివాడి వాదనలో మెలిక కనిపించినప్పుడు మనకు మూడు దారులున్నాయి. ఆ దోషానికి పేరు పెట్టి చూపించడం, ప్రశ్న వేయడం, అదే తర్కంతో ఇంకో ఉదాహరణ చెప్పి ఎక్కడికి పోతుందో చూపించడం.

పేరు పెట్టే పద్ధతి చాలా పాతది. అరిస్టాటిల్ 13 దోషాలు లెక్కపెట్టాడు. ఆరు భాష వల్ల వచ్చేవి, ఏడు భాషతో సంబంధం లేనివి. మన పాత తర్కగ్రంథం న్యాయసూత్రాలు ఇంకా దూరం వెళ్లింది. 5 హేత్వాభాసలు (కారణంలా కనిపించే డొల్ల కారణాలు), 3 ఛలాలు (ఎదుటివాడి మాటకు వేరే అర్థం అంటగట్టడాలు), 24 జాతులు (పైపై పోలికలతో వేసే డొల్ల అభ్యంతరాలు), వీటి పైన వాదంలో ఓడిపోయినట్టు తేల్చే 22 నిగ్రహస్థానాలు. ఒకే మాటకున్న రెండర్థాలతో ఆడుకునే వాక్‌ఛలానికి ఇచ్చే ఉదాహరణ నాకు భలే ఇష్టం. ఒకడు "ఇతను నవకంబళం కప్పుకున్నాడు" అంటాడు, అంటే కొత్త కంబళి అని. రెండోవాడు "తొమ్మిదెక్కడున్నాయి, ఒక్కటేగా కనిపిస్తోంది" అంటాడు. తను చెప్పేదేమీ లేకుండా ఎదుటివాడి మాట పడగొట్టడమే పనిగా పెట్టుకుంటే అది వితండ. ఆ పేరు మాత్రం శాస్త్రం దాటి మన నోళ్లలోకి వచ్చేసింది, అర్థం కాస్త మారినా.

పేర్లు తెలిస్తే చూపు పదునెక్కుతుంది, కాదనను. "మాతో లేకపోతే మా శత్రువులతో ఉన్నట్టే" అని వినగానే, మూడో దారిని ఎందుకు దాచారని మనసు వెతుకుతుంది. "ముందు నువ్వు మానెయ్, తర్వాత నాకు చెప్పు" అన్నవాడు మన మీద గురివింద గింజ సామెత కూడా వేయొచ్చు. కానీ చెప్పేవాడు తాగుబోతైనంత మాత్రాన తాగుడు మంచిదైపోదు కదా. చిక్కేమిటంటే, పేరు పెట్టగానే పని అయిపోయిందనిపిస్తుంది. నిజానికి అప్పటికి ఆ వాదన మాత్రమే పడింది, ఆ మాట అబద్ధమని తేలలేదు. తప్పుడు దారిలో వచ్చినవాడు కూడా సరైన ఇంటికే చేరి ఉండొచ్చు.

దీనికి పెద్ద సాక్ష్యం కూడా సిగరెట్ల దగ్గరే దొరికింది. పొగతాగడానికీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం మీద బ్రిటిష్ పరిశోధకులు డాల్, హిల్ 1950లో తమ అధ్యయనం ప్రచురించారు. గణాంకశాస్త్రంలో మహామహుడైన రోనాల్డ్ ఫిషర్ ఒప్పుకోలేదు. రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదన్నాడు. పొగ మీద మోజునూ క్యాన్సర్‌నూ ఒకే జన్యు లక్షణం తెస్తుండొచ్చు కదా అన్నాడు. దోషానికి పెట్టిన పేరు సరైనదే. తేల్చిన సంగతే తప్పు. ఆయన్ని కాదన్నవాళ్లకూ ఒక సులువైన దారి ఉంది. ఆయన పొగాకు కంపెనీల సంఘానికి సలహాదారు, పైగా స్వయంగా పైపు తాగేవాడు. అంతటితో కొట్టిపారేయొచ్చు. అనుమానించడానికి అది సరిపోతుంది కానీ, ఆయన ప్రశ్నకు జవాబు కాదు.

జవాబు వేరే తీరులో వచ్చింది. 1959లో గణాంక నిపుణుడు కార్న్‌ఫీల్డ్, ఆయన సహచరులు ఇలా లెక్క వేశారు: పొగతాగేవాళ్లకు ఆ క్యాన్సర్ ప్రమాదం తొమ్మిది రెట్లు ఉందనుకుందాం. దీనంతటికీ ఏదో దాగున్న కారణమే మూలమైతే, ఆ కారణం కూడా వాళ్లలో కనీసం తొమ్మిది రెట్లు ఎక్కువగా ఉండాలి. మరి అంత పెద్దది ఏదీ కనబడదేం? నేను చెప్పే రెండో పద్ధతి ఇదే. "నువ్వు చెప్పింది నిజమైతే ఇంకా ఏమేం కనబడాలి?" అని అడగడం.

పెద్దల పేరు చెప్పి ఒప్పించబోయేవాళ్ల దగ్గర ప్రశ్న ఇంకా బాగా పనిచేస్తుంది. వాదనల మీద చాలా రాసిన డగ్లస్ వాల్టన్ దీనికి ఆరు ప్రశ్నలు సిద్ధం చేశాడు. ఆ మనిషికి నిజంగా నైపుణ్యం ఉందా? ఈ విషయంలోనేనా? సరిగ్గా ఏమన్నాడు? నమ్మదగినవాడేనా? మిగతా నిపుణులు ఏమంటున్నారు? ఆధారం ఏమిటి? లైనస్ పాలింగ్‌నే తీసుకోండి. రసాయనశాస్త్రంలో 1954 నోబెల్, 1962 శాంతి నోబెల్, రెండూ ఎవరితోనూ పంచుకోనివి. విటమిన్ సి దండిగా తీసుకుంటే జలుబు రాదని ఆయన గట్టిగా చెప్పాడు. మామూలు జనంలో జరిగిన పరీక్షలు మాత్రం దానికి మద్దతివ్వలేదు. "పెద్దవాళ్ల పేరు వాడటం దోషం" అని ఊరుకుంటే రేపు డాక్టరు మాట కూడా వినకూడదన్నమాట. రెండో ప్రశ్న, అయిదో ప్రశ్న వేసుకుంటే పాలింగ్ మాట ఎక్కడ వినాలో, ఎక్కడ ఆగి చూడాలో తెలుస్తుంది.

మూడో పద్ధతి తమాషాగా ఉంటుంది. "కళ్లు మూసుకుని రోడ్డు దాటి బతికినవాడూ ఉంటాడు, అందరం అలాగే దాటుదామా?" అంటే పక్కన కూర్చున్నవాళ్లు నవ్వుతారు, విషయం అర్థమవుతుంది. వాదించేవాడికి మాత్రం వెక్కిరింపులా తగులుతుంది. "సిగరెట్టూ రోడ్డూ ఒకటేనా" అని అక్కడి నుంచి కొత్త గొడవ మొదలుపెడతాడు. అందుకే వినేవాళ్లు ఎక్కువగా ఉంటే ఇది మేలు. ఇద్దరే ఉంటే ప్రశ్నే మేలు.

ప్రకటనల దగ్గర లెక్క వేరు. "ఈ రోజే ఆఖరు", "లక్షల మంది నమ్మినది" అనే బోర్డును ప్రశ్న అడిగినా పలకదు. అక్కడ మనసులోనే టక్కున పేరు పెట్టేసి ముందుకు నడవడం మంచిది. మన సొంత రాతలు తిరిగి చదువుకునేటప్పుడూ పేర్ల జాబితా పనికొస్తుంది, చిన్నబుచ్చుకునేవాళ్లు ఎవరూ ఉండరు కాబట్టి.

ఆ తర్వాత బావను మళ్లీ కదిలించాను, ఈసారి పేర్లు లేకుండా. "బావా, సిగరెట్లు హాని చేస్తాయని మీరు ఒప్పుకోవాలంటే ఏం చూపించాలి?" అని అడిగాను. చాలాసేపు ఆలోచించాడు. "ఏం చూపించినా ఒప్పుకోను, నాకు మానాలని లేదు" అన్నాడు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ఒప్పేసుకున్నాడన్నమాట. ఆ రోజు మా మాటలు పది నిమిషాల్లో ముగిశాయి. అప్పటి నుంచి తాతగారి ఊసు నా దగ్గర ఎత్తలేదు.