డా నాంగ్ వెళ్తే మీసన్ మాత్రం మానకండి

మార్చిలో నేను, మా ఆయన, డెబ్బైకి దగ్గర పడిన మా అత్తయ్య కలిసి వియత్నాంలోని డా నాంగ్‌లో ఆరు రోజులు ఉండి వచ్చాం. బయల్దేరే ముందు ఎవర్ని అడిగినా కొండ మీది వినోద పార్కు బానా హిల్స్ పేరే చెప్పారు. తిరిగొచ్చాక నన్నడిగితే, రోజులు తక్కువుంటే బానా మానుకోండి కానీ మీసన్ మానకండి అంటాను.

మీసన్ అంటే 4వ శతాబ్దం నుంచి 13వ శతాబ్దం దాకా ఇక్కడ ఏలిన చామ్ రాజులు కొండల మధ్య కట్టించిన గుళ్ళు, ఎక్కువగా శివాలయాలే. డా నాంగ్ నుంచి కారులో గంటన్నర దారి. భద్రవర్మ అనే రాజు ప్రతిష్ఠించిన స్వామికి భద్రేశ్వరుడని పేరు. ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని అమరావతి అనేవారని గైడ్ చెప్పగానే అత్తయ్య ఆగిపోయారు. ఆవిడ పుట్టిల్లు గుంటూరు జిల్లా. "మన అమరావతి పేరేనా?" అని రెండుసార్లు అడిగారు.

గేటు తీసే వేళకే చేరడం మంచిదైంది. తొమ్మిదయ్యేసరికి టూరిస్టు బస్సులు వచ్చేశాయి, ఎండా ముదిరింది. మేం వెళ్ళినప్పుడు టికెట్ లక్షా యాభై వేల డాంగ్ (అక్కడి కరెన్సీ). గుళ్ళ దగ్గరిదాకా బ్యాటరీ బండి ఉంది కాబట్టి పెద్దవాళ్ళకి ఇబ్బంది లేదు. గోడకి దగ్గరగా వెళ్ళి చూస్తే ఇటుకకీ ఇటుకకీ మధ్య సున్నం కనిపించదు, గోరు కూడా దూరదు. కట్టేశాక ఆ ఇటుకల మీదే బొమ్మలు చెక్కారు. ఒక బొమ్మకి జోడించిన చేతుల వేళ్ళ దాకా నాచు పట్టింది. 1969లో అమెరికా బాంబులకి అన్నిటికన్నా పెద్ద గోపురం నేలమట్టమైంది. బాంబులు పడ్డ గుంతల్లో ఇప్పుడు గడ్డి మొలిచి ఉంది. మన పురావస్తు శాఖ వాళ్ళు ఇక్కడ కొన్నేళ్ళు మరమ్మతులు చేశారు. ఆ పనిలోనే 2020లో 9వ శతాబ్దపు ఏకశిలా శివలింగం బయటపడింది. విరిగిన ఒక పానవట్టం ముందు అత్తయ్య చెప్పులు విడిచి, తడి గడ్డి మీదే నిలబడి కళ్ళు మూసుకున్నారు. మేం ఆ పదినిమిషాలూ మాట్లాడలేదు. ఇంకో మాట, ముందు డా నాంగ్ ఊళ్ళోని చామ్ శిల్పాల మ్యూజియం చూసి వెళ్ళండి. మీసన్‌లోని మంచి శిల్పాలు చాలా అక్కడే ఉన్నాయి.

ఇక బానా హిల్స్. దాదాపు 5.8 కిలోమీటర్ల కేబుల్ కార్ ప్రయాణం నిజంగా బాగుంది, కింద అడవి అంతా మేఘాల్లో తేలుతూ కనిపిస్తుంది. 2018లో తెరిచిన బంగారు వంతెన మీద మాత్రం ఫోటోల కోసం తోపులాట. మంచు కమ్మితే వంతెనని మోస్తున్నట్టు కట్టిన ఆ పెద్ద చేతులు కూడా కనపడవు. టికెట్ ఖరీదుకి నాకు తృప్తి కలగలేదు. పిల్లలున్నవాళ్ళకి నచ్చుతుంది.

హై వాన్ కనుమ దారికి మా ఆయనా నేనూ చెరో బైక్ వెనక ఎక్కాం, నడిపింది అక్కడి వాళ్ళే. మన దగ్గర ఇచ్చే అంతర్జాతీయ లైసెన్సు 1949 నాటి అంతర్జాతీయ రోడ్డు ఒప్పందం కిందది, వియత్నాంలో చెల్లేది 1968 ఒప్పందం కిందిది. బైక్ అద్దెకిచ్చేవాళ్ళు ఇదేమీ అడగరు. ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ రాదు, అందుకే సొంతంగా నడపొద్దని గట్టిగా చెప్తున్నా. 2005లో సొరంగం తెరిచాక లారీలు, బస్సులు ఎక్కువగా అటే పోతున్నాయి కాబట్టి కొండ దారి ఖాళీగా ఉంది. పైన 1826 నాటి కోట ద్వారం, అవతల కింద లాంగ్ కో ఇసుక తిన్నె, ఉప్పునీటి మడుగు. బైక్ ఎక్కలేని అత్తయ్యతో మర్నాడు హ్యూ నగరానికి రైల్లో వెళ్ళాం. డా నాంగ్ నుంచి వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ తీసుకోండి, సముద్రం అటే.

పాలరాతి కొండలు ఊరికి దగ్గరే. లిఫ్ట్ ఉంది, కానీ పైన గుహలకి మెట్లు తప్పవు, తడిగా జారుతుంటాయి. అత్తయ్య మొదటి గుడి దగ్గరే కూర్చున్నారు. సోన్ ట్రా ద్వీపకల్పంలో 67 మీటర్ల అవలోకితేశ్వర బోధిసత్వుడి విగ్రహం దాకా మాత్రం కారు వెళ్తుంది. కూ లావ్ చామ్ దీవికి పడవ బుక్ చేసుకుంటే, అలలు ఎక్కువని పొద్దున్నే రద్దు చేశారు. రద్దు చేయడం సబబే. కానీ సగం డబ్బులే వెనక్కిచ్చారు, దానికి నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. రద్దయితే పూర్తి డబ్బు ఇస్తామని ముందే రాయించుకోండి.

మొదటి నాలుగు రాత్రులు మీ ఖే బీచ్ పక్కన హోటల్లో ఉన్నాం. గది శుభ్రంగా ఉంది, ఎదురుగా సముద్రం, కానీ పక్క స్థలంలో పొద్దున ఏడింటికే డ్రిల్లింగ్ మొదలయ్యేది. చివరి రాత్రి ముప్పై కిలోమీటర్ల దూరంలోని హోయ్ ఆన్‌లో, వరి చేల మధ్య ఒక కుటుంబం నడిపే హోమ్‌స్టేలో దిగాం. అద్దె తక్కువ, సైకిళ్ళు ఉచితం. ఆ ఇంటావిడ అత్తయ్యకి తానే అల్లం టీ కాచి ఇచ్చింది. మళ్ళీ వెళ్తే మూడు రాత్రులు అక్కడే ఉంటాం.

శాకాహారులు 'ఆన్ చాయ్' అనే మాట నేర్చుకోండి. కూరగాయల వంటకాల్లోనూ చేపల సాస్ వేసేస్తారు, ఈ మాట చెప్తే మానేస్తారు. పౌర్ణమికీ అమావాస్యకీ అక్కడ చాలామంది మాంసం ముట్టరు. మేం హోయ్ ఆన్‌లో దిగింది సరిగ్గా పౌర్ణమి నాడే. వీధిలో మూడు చోట్ల శాకాహారం దొరికింది, అత్తయ్య పుట్టగొడుగుల కూరతో రెండోసారి అన్నం పెట్టించుకున్నారు.